ఉప్పాడ లేవలేదు

1999 జూలై 19, సోమవారం

ఇవాళ కూడా "సరేనండి" అన్నాను.

ఉప్పాడ నుంచి ఇంటికొచ్చేసరికి కాళ్ళు బూరెల్లా పొంగిపోయాయి. ఆరో నెల కడుపేసుకుని రాజమండ్రి నుంచి కాకినాడ ఒక బస్సు, అక్కణ్ణుంచి సముద్రం పక్కన గోతుల రోడ్డు మీద ఉప్పాడ ఇంకో బస్సు. ఎందుకట? మా రొయ్యల మేత కంపెనీ ఉప్పాడ డిపోలో సర్వరు లేవలేదట. ఎందుకు లేవలేదు? మా మేనేజరు ఉదయభాస్కర్ గారు శనివారం సాయంత్రం నాకు ఒక్క మాటైనా చెప్పకుండా దానికి కొత్త కెర్నెల్, అంటే మిషన్‌ని నడిపే మూల ప్రోగ్రాము, ఎక్కించి, ఇక్కణ్ణుంచే ఆపి లేపే రీబూట్ కొట్టారు. అది పడుకుంది. పడుకున్న మిషన్‌లోకి ఇక్కడి మోడెం ఎలా వెళ్తుంది? కాబట్టి నేను వెళ్ళాలి.

వెళ్ళి ఏం చేశానూ అంటే, స్విచ్చి ఆపి, వేసి, లేచేటప్పుడు పాత కెర్నెల్ పేరు టైపు చేశాను. అంతే. ఒక్క మాట. దానికోసం పొద్దున్న బయల్దేరినదాన్ని దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను.

ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే ఆయనేమన్నారు? "ఆ మిషన్‌కి పడదని నువ్వు ముందే చెప్పాల్సింది కదమ్మా." మరి మొన్న గురువారం నేను చెప్పింది ఎవరికి, గోడకా? నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చిందాన్ని మింగేసి సరేనండి అన్నాను.

మా అత్తగారు సంపూర్ణమ్మ గారు వేణ్ణీళ్ళలో ఉప్పేసి తెచ్చి కాళ్ళు పెట్టించారు. "ఆ తిట్లేవో నీళ్ళ గిన్నెని కాదు, తిట్టాల్సినవాణ్ణి తిట్టు" అన్నారు. ఆవిడకేం, చెబుతారు.

జూలై 20

కాళ్ళు తగ్గాయి. కోపం తగ్గలేదు.

జూలై 23, శుక్రవారం

రాయకపోతే తల పగిలేలా ఉంది.

పొద్దున్నే గదిలోకి పిలిచారు. పక్కన కుర్చీలో ఒక కుర్రాడు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. "వీరు గణేష్‌బాబు గారు. ఓనరు గారి బావమరిదిగారి అబ్బాయి." అతను లేచి నమస్కారమండి అన్నాడు, చాలా మర్యాదగా. నాకంటే నాలుగేళ్ళు చిన్న. అతను గణేష్‌బాబు గారు, నేను నువ్వు.

"వై టూ కే అని, రెండువేలొస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని ఓనరు గారు కంగారు పడుతున్నారమ్మా. డిసెంబరు లోపల ఆరు డిపోలకీ కొత్త కెర్నెల్ పడాలి. పడ్డప్పుడల్లా ఏదో ఒకటి లేవదు. ఎవరో ఒకరు తిరగాలి. నువ్వేమో ఈ పరిస్థితిలో తిరగలేవు. అందుకని అక్టోబరు నుంచి గణేష్‌బాబు గారు చూసుకుంటారు."

"డెలివరీ అయ్యాక నేను రావచ్చాండి?"

"అప్పటికి ఖాళీ ఉంటే చూద్దాం."

ఖాళీ ఉంటే! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ బంతి మధ్యలో కూర్చుని తింటున్నదాన్ని లేపి, ఆ విస్తరిలోనే అతనికి వడ్డిస్తున్నారు. ఆ ఆరు మిషన్లూ నేను పెట్టినవి. భీమవరంలో ఎలకలు కేబుల్ కొరికితే నేనే బల్లకింద దూరాను. రాజోల్లో వర్షం నీళ్ళు ఎత్తింది నేను. ఆయన ఒక్క ఊరైనా చూశారా?

అప్పుడు నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. "అసలెవరూ తిరగక్కర్లేకుండా చేస్తే? మిషను పడుకున్నా దానంతటదే లేచేలా చేస్తే?"

ఆయన నవ్వారు. "దానంతటదే లేచేస్తే ఇంక నీతో పనేంటమ్మా?"

చూడు ఆ తెలివి. లేవకపోతే తిరగలేను కాబట్టి నేను వద్దు. లేస్తే అవసరం లేదు కాబట్టి నేను వద్దు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గణేష్‌బాబే పాపం, "అలా చేయగలిగితే మంచిదేగా సార్" అన్నాడు. ఓనరు గారి మనిషి అన్నాడు కాబట్టి వెంటనే ఈయనకీ మంచిదైపోయింది. "సరే. ఆరూ ఎవరి చెయ్యీ పడకుండా లేస్తే నీ సీటు నీదే. డెలివరీ సెలవిచ్చి, మళ్ళీ చేరమని కాగితం రాసిస్తాను. ఒక్కటి లేవకపోయినా మాత్రం గణేష్‌బాబు గారే."

సరేనండి అన్నాను. ఈసారి మాత్రం అరచేతిలో గోళ్ళు దిగేలా పిడికిలి బిగించి అన్నాను.

జూలై 27

ఆఫీసు వెనక గదిలో పనికిరాని మిషనొకటి ఉంటే దాని మీద ప్రయత్నిస్తున్నాను. వస్తోంది. కొత్త కెర్నెల్‌ని ఒకే ఒక్కసారి నమ్మమని చెబుతాం. లేవలేక చచ్చుబడితే అరనిమిషం ఆగి దానంతటదే రీబూట్ అవుతుంది, రెండోసారి పాత కెర్నెల్‌తోనే లేస్తుంది. లేవగానే మా ఆఫీసు మోడెంకి ఫోన్ చేసి తన పేరు చెబుతుంది. ఇవాళ కావాలని పాడుచేసిన కెర్నెల్ పెట్టాను. పడింది, లేచింది, పేరు చెప్పింది. అక్కడే చప్పట్లు కొట్టాను, లోపల పిల్ల కూడా తన్నింది.

మా ఆయన యుగంధర్ గూడ్స్ బండి మీద విజయనగరం వెళ్ళారు. గార్డు ఉద్యోగం, ఇంట్లో ఉండేది చుట్టం చూపే. అందుకని అత్తయ్యగారికే చెప్పాను. ఆవిడ వింటూ బెండకాయలు తరుగుతున్నారు. "అంటే కొత్త కోడలికి ఒక పూట వంట అప్పజెప్పి, అది మాడిస్తే మళ్ళీ అత్తగారు గరిటె పట్టుకున్నట్టన్నమాట" అన్నారు. అంతే. ఉదయభాస్కర్ గారికి నేను పటాలు గీసి చెప్పినా ఎక్కలేదు ఇది.

జూలై 31, శనివారం

ఆరు డిపోలకీ ఫోన్ చేసి చెప్పాను, రీబూట్ అయ్యే రోజున మిషను ముట్టుకోవద్దని. అయిదుగురు సరే సరే అన్నారు. ఉప్పాడ బుల్లియ్య ఒక్కడే నాలుగుసార్లు అడిగాడు.

వాడిది వేరే కథ. పడవ సముద్రంలో పోయాక డిపోలో వాచ్‌మన్‌గా చేరాడు. యాభై దాటినవాడు, నేనంటే హడలు. కిందటేడాది ఉదయభాస్కర్ గారు ఫోన్లో "ఆపేయ్ ఆపేయ్" అన్నారని డిస్కు రాస్తుండగా స్విచ్చి ఆపేశాడు. మూడు రోజుల లెక్కలు పోయాయి. ఆయన్ని ఏమీ అనలేను కదా, ఉప్పాడ వెళ్ళి వీణ్ణి తిట్టాను. వాడు తువ్వాలుతో కళ్ళొత్తుకునేదాకా తిట్టాను.

ఇవాళ అడిగాడు. "మరి ఆపమని తమరే ఫోను సేత్తే ఆపాలాండి?"

"నేను చెబితేనే ఆపు. ఇంకెవరు చెప్పినా ఆపకు."

"ఫోన్లో తమరేనని ఎలా తెలుత్తాదండి?"

"నా తిట్లు గుర్తుపట్టలేవట్రా?"

"అమ్మో, గుర్తుపడతానండి" అన్నాడు.

ఆగస్టు 5

పదకొండో తారీకు ఖాయం చేశారు. సూర్యగ్రహణం. ఆ రోజు రైతులెవరూ రారు, మధ్యాహ్నానికే అమ్మకాలు ఆపేస్తారు కాబట్టి వ్యాపారానికి ఇబ్బంది లేదని ఆయన లెక్క. ఒక్క డిపో సాయంత్రం లెక్క పంపకపోయినా మర్నాడు ఆరింటిలోనూ బిల్లు కొట్టడానికి ఉండదు, లారీలన్నీ నిలబడిపోతాయి. అందుకని ఇదే మంచి రోజట.

నాకెందుకో ఏదో మర్చిపోతున్నాననిపిస్తోంది. ఏం మర్చిపోలేదు. అంతా రెండుసార్లు చూశాను.

ఆగస్టు 10

ఇంట్లో యుద్ధం. రేపు రీబూట్ మధ్యాహ్నం రెండింటికి. నేను ఆఫీసులో ఉండి ఒక్కొక్కటీ ఫోన్ చేయడం చూడాలి. అత్తయ్యగారు పన్నెండు దాటితే గుమ్మం దాటనివ్వనంటున్నారు.

"గ్రహణం సాయంత్రం అయిదింటికండీ."

"కడుపుతో ఉన్నదానివి, నీకు పొద్దుటి నుంచే."

"అవన్నీ మూఢనమ్మకాలు అత్తయ్యగారూ."

"అవునే. నా మనవరాలు పుట్టాక నమ్మడం మానేద్దాం."

తిట్టడానికి కూడా ఎక్కడా పట్టు దొరకనివ్వని మనిషి.

ఆగస్టు 11, బుధవారం

పడుకోబెట్టారు. వెల్లకిలా, చాప మీద, కిటికీలన్నీ మూసి. గోక్కోకూడదట, తరక్కూడదట, ముడి వేయకూడదట. ఫోను ప్లగ్గు పీకి దాని మీద దర్భ పెట్టారు. ఆవకాయ జాడీ మీద దర్భ, పాలగిన్నె మీద దర్భ, టీవీ మీద దర్భ. పెన్సిలు మాత్రం దొంగతనంగా దిండు కింద పెట్టుకున్నాను. ఇది రాస్తే పిల్లకి ఏమవుతుందో మరి, ఉత్తరాలు రాసే పిల్ల పుడుతుందేమో.

నాలుగింటికి గణేష్‌బాబు స్కూటరేసుకుని వచ్చాడు. అత్తయ్యగారు తలుపు తియ్యలేదు. కిటికీ సందులోంచి మాటలు వినబడుతున్నాయి. "అమలాపురం, పాలకొల్లు పడి లేచి ఫోన్ చేశాయండి. నాలుగు లేవలేదండి. మేడం గారు ఒక్కసారి వస్తే—"

"మీ మేడం పడుకుంది బాబూ. గ్రహణం విడిచాక రా."

నాలుగు! నాలుగెలా? వెనక గదిలో పదిసార్లు లేచింది కదా! లేవబోయాను. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూశారు. పడుకున్న మిషన్లని నేనేం లేపుతాను, నన్నే పడుకోబెట్టాక. ఏడుపొచ్చింది. కోపమొస్తే ఏడుపొచ్చే ఈ జబ్బు ఒకటి.

చీకటి పడ్డాక లేచాను. సూర్యుడు గ్రహణం విడవకుండానే అస్తమించాడట. అందుకని రేపు పొద్దున్న శుద్ధమైన సూర్యుణ్ణి చూసి, స్నానం చేసి, అప్పుడే పొయ్యి వెలిగించడమట. నాకు మాత్రం పాలు తాగడానికి అనుమతి. ఫోను పెట్టించుకుని ఆఫీసుకి చేశాను. ఉదయభాస్కర్ గారు మొదటి రింగుకే ఎత్తారు. "లేచిన రెండూ కూడా సాయంత్రం నుంచి పలకట్లేదు. ఆరూ పోయాయి. ఏం చేశావమ్మా నువ్వు?" కారులో పంపుదామంటే డ్రైవరు సత్తిరాజు రేపు సూర్యుణ్ణి చూస్తేగాని స్టీరింగ్ పట్టనన్నాట్ట.

ఆరూ పోయాయి.

ఆగస్టు 12

ఇల్లు కడుగుతుంటే ఆ నీళ్ళ మీద నుంచే ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఉదయభాస్కర్ గారు పలకరించలేదు. జీపు బయట పెట్టి ఉంది, గణేష్‌బాబు సంచీ సర్దుకుంటున్నాడు. ఎక్కితే అయిపోయినట్టే, నా సీటు.

అప్పుడు మోడెం మోగింది. పాలకొల్లు. కాసేపటికి నరసాపురం. తర్వాత భీమవరం, అమలాపురం, రాజోలు. వరసగా స్నానాలు చేసి వచ్చినట్టు ఒక్కొక్కటే పేరు చెబుతున్నాయి. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం.

నాకు అప్పుడు వెలిగింది. మర్చిపోయింది అదే. నిన్న సాయంత్రం డిపోలు మూసేటప్పుడు దర్భ పెట్టి, మెయిన్ స్విచ్చి ఆపేసి ఉంటారు. ప్రతి గ్రహణానికీ మా ఇంట్లో చేసేదే. ముట్టుకోవద్దంటే నా మాట ఎవరు విన్నారు? పొద్దున్న సూర్యుణ్ణి చూసి, డిపో కడిగి, స్విచ్చి వేశారు. ఉదయభాస్కర్ గారి లెక్కలోనూ రాలేదు, నా లెక్కలోనూ రాలేదు. ఆయనా రాత్రి భోంచెయ్యలేదట, దర్భ జేబులో పెట్టుకునే కూర్చున్నారట!

ఉప్పాడ మాత్రం లేవలేదు.

మిషను లేవనప్పుడు డిపోకి ఫోన్ చేస్తే మోడెమే ఎత్తి కీచుమంటుంది, మనిషి పలకడు. లైను ఒక్కటే కదా. "ఇంక బయల్దేరండి గణేష్‌బాబు గారూ" అన్నారు ఆయన. "ఒక్క అయిదు నిమిషాలు" అని ఉప్పాడ సెంటర్లో బేబీ వాళ్ళ ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాను. "బుల్లియ్యని పిలుచుకురామ్మా, పరిగెత్తు."

వచ్చాడు. నిన్నటి నుంచి డిపోలోనే కాపలా కూర్చున్నాడట. పెళ్ళాం వచ్చి స్విచ్చి కట్టెయ్యమని బతిమాలిందట. ఊరంతా స్నానాలు చేస్తుంటే వీడు నీళ్ళు ముట్టుకోకుండా కూర్చున్నాడట. "ఎవ్వుర్నీ ముట్టుకోనివ్వలేదండి" అన్నాడు గొప్పగా.

అంటే నా మాట విన్నవాడి మిషను ఒక్కటే లేవలేదు.

"సరే, ఇప్పుడు ఆపి మళ్ళీ వెయ్యి."

"తమరు ఎవరండి?"

"హారతినిరా!"

"అలా ఎవురైనా సెప్పొచ్చు కదండి."

ఇంక ఆగలేకపోయాను. పస్తున్నవాడని కూడా చూడకుండా అన్నాను. "నీ తలకాయలో ఉన్నది మెదడా, రొయ్యల మేతా? గ్రహణం పట్టింది సూర్యుడికా నీకా? కిందటేడాది ముట్టుకోకూడనప్పుడు ముట్టుకున్నావు, ఇప్పుడు ముట్టుకోమంటే శిలావిగ్రహంలా కూర్చుంటావు!"

"ఆఁ మీరేనండి, మీరేనండి" అని ఫోను వదిలేసి పరిగెత్తాడు. ఉప్పాడ పేరు చెప్పింది.

జీపు కదల్లేదు. ఎవరూ ఊరు దాటలేదు. నెగ్గాను.

ఆగస్టు 13

నెగ్గలేదట.

"చెయ్యి పడింది కదమ్మా. బుల్లియ్య చెయ్యి. ఎవరి చెయ్యీ పడకుండా అనుకున్నాం కదా."

సరేనండి. సరేనండి. సరేనండి. ఛీ, నా నోరు పడిపోను!

ఆగస్టు 16

ఆరు మిషన్లూ ఏ క్షణాన ఏం జరిగిందో రాసుకునే లాగ్‌లు చూశాను. వాటిని లేపడానికి నేను రాసిన స్క్రిప్టులో తప్పేం లేదు. అమలాపురం, పాలకొల్లు చచ్చుబడి, అరనిమిషం ఆగి, చెప్పినట్టే లేచాయి. మిగతా నాలుగింట్లో నెట్‌వర్క్ కార్డులు పాతవి. అవి చచ్చుబడలేదు, మధ్యలో కొయ్యబారిపోయాయి. కొయ్యబారిన మిషనుకి తను పడిపోయానని కూడా తెలీదు, ఇంక లేవడం ఎక్కడ? మెయిన్ ఆపి వేస్తే ఒక్కసారి నమ్మకం అప్పటికే అయిపోయింది కాబట్టి పాత కెర్నెల్‌తో లేచాయి.

రెండు నేను లేపాను. మూడు గ్రహణం లేపింది. ఒకటి బుల్లియ్య. అయినా ఒక్కసారి నమ్మకం పెట్టింది నేనే కదా, అది లేకపోతే వంద గ్రహణాలు పట్టినా లేచేవి కావు. అంటే ఆరూ నేనే లేపాను.

అంతే కదా.

కొయ్యబారినా కొట్టి లేపే టైమరు కార్డు ఒకటుంది, ఆరు కొనమని అడిగాను. "బుల్లియ్య ఉన్నాడుగా" అన్నారు.

సెప్టెంబరు 30

ఆఖరి రోజు. ఆఫీసు మిషను మీద కాగితం అతికించి వచ్చాను, ఎర్రసిరాతో: పాత కార్డు మార్చకుండా కొత్త కెర్నెల్ ఎక్కించవద్దు. గణేష్‌బాబుకి మూడుసార్లు చదివి వినిపించాను. ఉప్పాడ బుల్లియ్య సంగతి కూడా చెప్పాను, నేను చెబితేగాని ఆపడని. "అలాగేనండి" అన్నాడు. మంచి కుర్రాడు. మంచితనంతో మిషన్లు లేస్తాయా?

తిరిగి చేరమనే కాగితం అడిగితే ఉదయభాస్కర్ గారు "ముందు క్షేమంగా డెలివరీ కానీమ్మా, చూద్దాం" అన్నారు. చెయ్యి పడిందని సీటు తీశారు, సరే. కనీసం ఖాళీ ఉంటే పిలుస్తానని రాసివ్వచ్చుగా. మెట్లు దిగుతుంటే ఆయనకి ఏమేం చెప్పాలో అన్నీ వరసగా వచ్చాయి. గేటు దాటాక.

అక్టోబరు 24

పాప. మూడు కిలోలు. అత్తయ్యగారి ముక్కు.

నవంబరు 9

ఏమీ రాయబుద్ధి కావట్లేదు. కోపం ఎక్కడికి పోయిందో. పాప ఆవులిస్తే చూస్తూ కూర్చుంటున్నాను. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను ఇవాళ. అనుకుని, నిజంగానే బాగానే ఉన్నాను.

నవంబరు 10

బాగాలేను. నా మిషన్లు అవి.

నవంబరు 25, గురువారం

మొత్తం రాయాలి. ఒక్క మాట కూడా పోకూడదు.

వాయుగుండం పట్టి మూడు రోజులుగా ఒకటే వాన. మధ్యాహ్నం తలుపు కొడితే తీశాను, గొడుగులతో ఉదయభాస్కర్ గారు, గణేష్‌బాబు. గణేష్‌బాబు మొహం పాలిపోయి ఉంది. అత్తయ్యగారు కాఫీలిచ్చారు. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది.

సంగతేంటంటే, మిగతా మూడింట్లో కార్డులు మార్చారు. ఉప్పాడ రోడ్డు బాగాలేదని అక్కడికి మాత్రం వెళ్ళలేదు. నెలాఖరు దగ్గర పడుతోందని ఉదయభాస్కర్ గారు తొందరపెడితే నిన్న కార్డు మార్చకుండానే ఎక్కించేశారు. ఎర్రసిరా ఎర్రగానే ఉంది, చదివేవాళ్ళేరీ? ఉప్పాడ కొయ్యబారింది. ఆ లెక్క రాలేదు కాబట్టి ఆరు డిపోల్లో ఇవాళ ఒక్క బిల్లు కొట్టలేదు. వానలో లారీలు నిలబడ్డాయి, ఓనరు గారు అరగంటకోసారి ఫోన్. వెళ్దామంటే బీచ్ రోడ్డుని సముద్రం కోసేసింది, పిఠాపురం మీంచి కూడా నీళ్ళేనట.

"బుల్లియ్యకి చెప్పారా?" అన్నాను.

"చెప్పానండి" అన్నాడు గణేష్‌బాబు. "బూత్‌కి పిలిపించి బతిమాలానండి. 'తమరు మంచోరండి, కానీ ఆపనండి' అంటున్నాడండి."

"నేను అరిచాను కూడా" అన్నారు ఉదయభాస్కర్ గారు.

గణేష్‌బాబు నేల చూపులు చూస్తూ అన్నాడు. "సార్ అరిస్తే, 'తమరు అరుత్తున్నారండి, ఆవిడ తిడతారండి, అది ఏరండి' అన్నాడండి."

నాకు నవ్వాగలేదు. శంఖంలో పోస్తేనే తీర్థమని కూర్చున్నాడు మహానుభావుడు.

ఫోను తీసుకున్నాను. బేబీ ఎత్తింది, బుల్లియ్య అక్కడే గొడుగు కింద ఉన్నాడట. పాప లేస్తుందని మెల్లిగా అన్నాను. "బుల్లియ్యా, నేను, హారతిని. స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యి నాయనా."

"ఎవురండి?"

"హారతినయ్యా. నాకు పాప పుట్టింది."

"సంతోసమండి. కానీ తమరు ఆవిడ కాదండి. మా అమ్మగోరు ఇంత నిమ్మళంగా మాట్టాడరండి."

తిడదామనుకున్నాను. నిజంగా ప్రయత్నించాను. "ఒరేయ్" అన్నాను. తర్వాత ఏమీ రాలేదు. ఒళ్ళో పాప పెదాలు చప్పరిస్తోంది. వానలో నా మాట కోసం నిలబడ్డ మనిషిని ఏమని తిట్టను?

ఉదయభాస్కర్ గారు కాఫీ గ్లాసు కింద పెట్టి గణేష్‌బాబు వైపు తిరిగారు. "నేను అప్పుడే అనుకున్నానండీ. డెలివరీ అయ్యాక ఆడవాళ్ళకి ఇంక ఆ పట్టు ఉండదు. ఇంటి ధ్యాసే. ఆ కాగితం ఇవ్వకపోవడమే మంచిదైంది."

ఫోను నా చేతిలోనే ఉంది. పెట్టెయ్యాలని కూడా తోచలేదు.

"ఏంటండీ మంచిదైంది? ఎవరికి మంచిదైంది? ఆరో నెలలో నన్ను బస్సుల్లో తిప్పారు, మీరు పాడుచేసింది బాగుచేయడానికి. ముందే చెప్పాల్సింది అన్నారు. గురువారం చెప్పాను, శనివారం ఎక్కించారు. ఎర్రసిరాతో రాసి పెట్టాను, నిన్న మళ్ళీ ఎక్కించారు! మీకు చదువు రాదా, చదివింది బుర్రకెక్కదా? ఆరు డిపోల్లో ఒక్కదాని గుమ్మం ఎక్కని మనిషి, పట్టు గురించి నాకు చెబుతారా? గ్రహణానికి దర్భ మీరే జేబులో పెట్టుకుని కూర్చుని, ఏం చేశావమ్మా అని నన్నడుగుతారా? లేస్తే నాతో పనిలేదు, లేవకపోతే నేను వద్దు! ఇప్పుడు వానలో గొడుగేసుకుని ఎవరి గుమ్మంలోకి వచ్చారు? సిగ్గుండాలి తాగిన కాఫీకైనా!"

పాప లేచి కెవ్వుమంది. అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి, "పిల్లని ఇటివ్వు. నువ్వు కానియ్యి" అన్నారు.

కానివ్వడానికి ఇంక ఏమీ మిగల్లేదు. ఊపిరి తీసుకుంటున్నాను. ఫోన్లోంచి చిన్న గొంతు, సంతోషంతో అరుస్తోంది. "ఆఁ! మీరేనండి! ఆపేత్తన్నానండి! ఇదిగో ఎల్తన్నానండి!"

వాన చప్పుడు, పాప వెక్కిళ్ళు. గణేష్‌బాబు గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. కాసేపటికి ఆఫీసు నుంచి ఫోను మోగింది. నేనే ఎత్తాను. ఉప్పాడ లేచిందట, లెక్క వచ్చిందట, బిల్లులు మొదలుపెట్టారట.

ఉదయభాస్కర్ గారు లేచారు. నుదురు తుడుచుకున్నారు. ఇంత మాట అన్నాక ఉద్యోగం ఎలాగూ లేదు అనుకున్నాను. అల్మరాలోంచి ఒక తెల్లకాగితం తీసి, ఆయన జేబులో పెన్ను ఆయన చేతికే ఇచ్చాను.

"జనవరి ఒకటి నుంచి చేరమని రాయండి. టైమరు కార్డులు ఆరు కొంటున్నట్టు కూడా రాయండి. బుల్లియ్య వానలో నిలబడక్కర్లేకుండా."

ఆయన కాగితం వైపు చూశారు. గణేష్‌బాబు వైపు చూశారు. గణేష్‌బాబు కుర్చీ జరిపి, "ఇక్కడ కూర్చుని రాయండి సార్, వెలుతురుంది" అన్నాడు. ఫోను వైపు కూడా ఒకసారి చూశారు, మళ్ళీ మోగుతుందేమోనన్నట్టు.

"సరేనండి" అన్నారు ఉదయభాస్కర్ గారు.